మెట్టసేద్యమునకు మందబలము: జగ్గయ్యపేట, నందిగామ సీమల యాదవుల కృషి

కులచరిత్ర యనగా రాజుల వంశావళియే యను భావము మనలో ననేకులకు కలదు. యదువంశమును, ద్వారకను, దేవగిరి యాదవులను స్మరించి సంతసించి యూరకుందుము. అవి గౌరవింపదగిన విషయములే. కాని మన తాతముత్తాతలు ఈ గడ్డపై దినదినమును చేసిన పని యేది? దానివలన ఈ సీమకు కలిగిన మేలేది? అను ప్రశ్నలకు వంశావళులలో సమాధానము దొరకదు. అది పొలములలో దొరకును. వేసవి రాత్రులయందు గొంగడి కప్పుకొని, కఱ్ఱ చేతబట్టి, పరుల చేనిలో తన మందకు కాపున్న గొల్లవాని శ్రమవలననే ఈ మెట్టసీమ నేలలు తరతరములు సారము కోల్పోక నిలిచినవని మా విశ్వాసము. ఈ విశ్వాసమునకు గల యాధారములను గ్రంథములనుండి కొన్నింటిని, పెద్దలవలన వినినవానినుండి కొన్నింటిని కూర్చి, ఈ వార్షిక సంచిక మూలమున సంఘసోదరులకును, పోషకులకును నివేదించుచున్నాము.

సీమ స్వరూపము

కృష్ణాజిల్లా యనగానే కాలువలును, వరిచేలును మనస్సునకు దోచును. 1852లో ప్రారంభమై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట పల్లపు తాలూకాల దశను మార్చినమాట నిజము. కాని నీరు పల్లమునకే పోవును. ఆనకట్టకు ఎగువనున్న పూర్వపు నందిగామ తాలూకాకు ఆ నీటి భాగ్యము లేకపోయెను. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్న యీ నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము మునియేరు, వైరా, పాలేరు పాఱు మెట్టభూమి. కొంత నల్లరేగడి, కొంత ఎఱ్ఱచల్క, నడుమ సున్నపురాతి బీళ్లు. వానపైనను, నేలలో నిలిచిన చెమ్మపైనను ఆధారపడి జొన్న, కంది, పెసర, మినుము, ఆముదము, ప్రత్తి, మిరప పండించుట ఇచ్చటి యాచారము.

ఇట్లని యిది పూర్వము నిర్జనమైన యడవి కాదు. జగ్గయ్యపేట చెంతగల ధనము బోడును 1882లో బర్జెస్ దొర పరిశోధింపగా బౌద్ధస్తూపము బయల్పడెను. అచ్చటి యాయక స్తంభములపై ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని 20వ పాలనవర్షపు శాసనములు కలవు. క్రీస్తు శకము మూడవ శతాబ్దమున ఈ మెట్టపంటయే ఆ స్తూపమును, దానిని కొలుచు జనమును పోషించినది. పిమ్మట బేతవోలు అను గ్రామమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేర పేట కట్టించెను. మచిలీబందరు, హైదరాబాదుల నడిమి బాటపై నుండుటచే అది వర్తకస్థానమై వర్ధిల్లెను.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టుచున్నది. పల్లపు భూములకు ఏటివరద ఒండ్రుమట్టిని తెచ్చి పెట్టును. అట్టి యొండ్రు రాని మెట్టచేలు వందలయేండ్లు పంటలిచ్చి యేల గుల్లబాఱలేదు? దీనికి ప్రత్యుత్తరము మంద. పగలు గుట్టలమీదను, బీళ్లయందును మేసిన గడ్డిని రాత్రివేళ చేనిలో ఎరువుగా విడిచి, బీటిసారమును సేద్యపు నేలకు చేరవేయునది మందయే. కాలువ పల్లమునకు ఒండ్రు తెచ్చినట్లు, మంద మెట్టకు సారము తెచ్చినది. మన చరిత్రలో మనము శిరస్సున ధరింపవలసిన వాక్యము ఇదియే.

మంద ప్రాచీనత

ఈ పని నిన్న మొన్నటిది కాదు. పాలమూరు సీమలోని ఉట్నూరునందు బూడిదగుట్ట యొకటి కలదు. ఆల్చిన్ పండితుడు దానిని 1957లో త్రవ్వి, 1963లో ప్రకటించిన గ్రంథమున అది నవీనశిలాయుగపు పశువుల దొడ్డియని నిర్ణయించెను. కఱ్ఱలు పాతిన గుంటలును, పశువుల గిట్టల ముద్రలును, పలుమాఱులు కాల్చబడిన పేడ పొరలును అందు కానవచ్చినవి. అనగా 4000 సంవత్సరములకు పూర్వమే మన తెలుగునేలపై పశువులను రాత్రులు ఒకచోట కట్టు పద్ధతి యుండెను. ఆ జనులు మన పూర్వులేయని చెప్పుటకు సాహసింపము. ఆ వృత్తి మాత్రము మనదే.

నాగార్జునకొండ శాసనములలో ఆభీర వసుషేణుని కాలపు శాసనమొకటి, అష్టభుజస్వామి యాలయమునకు సంబంధించినది, కలదు. పశుపాలకులైన యాభీరులు ఇక్ష్వాకుల కాలమునకే కృష్ణాతీరమున ప్రసిద్ధులని దీనివలన తెలియుచున్నది.

పెనుగంచిప్రోలున కులభేదము లేక సర్వజనులు కొలుచు తిరుపతమ్మ తల్లి చరిత్రయు ఇందుకు తోడు వచ్చును. భర్తయైన గోపయ్య పశువులను మేపుటకై దూరపు టడవికి పోయి మరలి రాలేదనియు, తల్లి యగ్నిప్రవేశము చేసెననియు జనులు చెప్పుదురు. మునియేటి యొడ్డున నేటికిని జరుగు తిరునాళ్లకు మూలము మేతకై పోయినవాని కథయే యని యెఱుగుదుము గాక. మెట్టసీమలో పశువులను బ్రదికించుటకు మనుష్యులు ప్రాణములొడ్డవలసివచ్చెడిదని ఆ కథ మనకు తెలుపుచున్నది.

పుల్లరి తగవు

మందకు మేత కావలెను. మేతకు బీడు కావలెను. కాబట్టి మన చరిత్రలోని పెద్ద తగవులన్నియు మేతబీడును గూర్చినవే. కాటమరాజు కథ యెఱుగని గొల్లవాడు లేడు. కఱవు వచ్చి కాటమరాజు తన పశువులను నెల్లూరి మనుమసిద్ధి రాజ్యమునకు తోలుకొనిపోయి, మేతకు ప్రతిగా కోడెదూడలనిచ్చునట్లు ఒడంబడిక చేసికొనెననియు, ఆ పుల్లరి విషయమున తగవు ముదిరి పంచలింగాల యుద్ధమాయెననియు, అందు ఖడ్గతిక్కన మడిసెననియు వీరగాథలు చెప్పుచున్నవి. ఆ గాథలను డాక్టరు తంగిరాల వేంకట సుబ్బారావుగారు సేకరించి పరిష్కరించి మనకు మహోపకారము చేసిరి. కథలోని వీరరసమున మునిగి ఒక విషయమును మఱువరాదు. బీటిపై కాపరికి గల హక్కు పదుమూడవ శతాబ్దమునందే ఒడంబడికతో కూడినది. ఒకరిచ్చునది మేత, మఱియొకరిచ్చునది కోడెలు. ఆ కోడెలే పెరిగి నాగలి లాగినవి.

ఇంగ్లీషువారి కాలమున 1882 నాటి మదరాసు అడవిచట్టము వచ్చెను. ఊరుమ్మడి మేతస్థలములనేకములు రక్షితారణ్యములై, పశువు అడుగుపెట్టుటకు పన్ను చెల్లింపవలసివచ్చెను. కృష్ణకు ఆవలియొడ్డున పలనాటియందు ఈ పుల్లరిని ఎదిరించి కన్నెగంటి హనుమంతు నాయకుడై నిలిచి, 1922 ఫిబ్రవరిలో మించాలపాడున తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ వీరుని కులవిచారణతో మనకు పనిలేదు. గడ్డిపరకకు పన్నేమని యడిగి ప్రాణమిచ్చినవాడు కాపరులందఱికిని బంధువే.

మంద కట్టు విధానము

పట్టణములలో పెరిగిన మన పిల్లలు ఎఱుగుటకై ఈ విధానమును కొంచెము వివరముగా వ్రాయుచున్నాము. జొన్నకోత ముగిసి చేలు ఖాళీయైన పిమ్మట, ఫాల్గుణము మొదలు మృగశిరకార్తె వఱకు మంద కట్టు కాలము. ఒక్కొక్కనికి గల గొఱ్ఱెలు చాలవు గనుక ముగ్గురు నలుగురు కాపరులు కలిసి ఒక మందగా కూర్తురు. రైతు వచ్చి ఇన్ని రాత్రులని మాటాడుకొనును. పూర్వము కూలి జొన్నల రూపమునను, కాపరుల భోజనము రూపమునను ముట్టెడిది. పిమ్మట రొక్కమును చేరినది. సాయంకాలము మందను చేనికి తోలి, తడికలతోగాని, వలతోగాని చుట్టు కట్టుదురు. పిల్లలను వేఱుగా మూయుదురు. కుక్కలు కాపుండును. మఱునాటి రాత్రి మందను ప్రక్కచెక్కకు జరుపుదురు. ఇట్లు చేనంతయు చుట్టివచ్చువఱకు జరుపుచునే యుందురు. తడిక జరుపుటలో పొరపాటు లేకుండ, ఏ చెక్కయు ఎండిపోక, ఏ చెక్కకును మితిమీరక సమముగా పడునట్లు చూచుటలోనే కాపరి నేర్పు కలదు.

మంద కదలినవెంటనే రైతు గుంటక తోలవలెను. ఆలసించినచో పెంట యెండి గాలికి పోవును. మూత్రమందలి నత్రజని యావిరియగును. సామాన్యపు పశువులపెంటలో నూటికి నత్రజని 0.5, భాస్వరికామ్లము 0.2, పొటాషు 0.5 పాళ్లుండగా, గొఱ్ఱెలు మేకల యెరువులో అవి క్రమముగా 3, 1, 2 పాళ్లని వ్యవసాయశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. పైగా బండి కట్టి తోలవలసిన పని లేదు. ఎరువు తనంతట తానే నడిచివచ్చును. మంద కట్టిన చేను మఱుసటియేటను గుర్తుపట్టవచ్చునని రైతులందురు. ముఖ్యముగా మిరప వేయువారు దీనికై పోటీపడుదురు.

రైతు కాపరికిచ్చినది కూలి మాత్రమే కాదు. జొన్నమోళ్లు, పెసర మినుముల తీగెలు, రాలిన కందాకు, ప్రత్తి తీసిన పిమ్మట మిగిలిన యాకు, ఇవన్నియు మందకు మేతయైనవి. జొన్నలో కందియు, దానిలో అలసందయు కలిపి విత్తుట యిచ్చటి పాతపద్ధతి. లోతునకు వేరు బాఱు కంది నేలకు నత్రజనినిచ్చును. ఆకు గొఱ్ఱెకు, కట్టె పొయ్యికి, గింజ కుండకు చేరును. చేను మందను మేపెను, మంద చేనును మేపెను. నేడు పండితులు వ్యవసాయ పర్యావరణశాస్త్రమని పిలుచు విద్యకు మన పెద్దలు పేరు పెట్టకయే ఆచరించిరి.

వానకాలమున నల్లరేగడి బురదలో గిట్టలు చెడును. నీలినాలుక, చిటుకురోగము ముదురును. అందుచే మృగశిర దాటగనే మందలను ఎఱ్ఱనేలలకును, గుట్టలకును తోలుకొనిపోవుదురు. పంట యెదుగు దినములలో మంద చేనికి దూరమై, పంట తీసిన దినములలో చేరువయగుట ఇరువురికిని క్షేమకరమయ్యెను. దోషములు లేవనము. తుమ్మకాయలు మేసిన మంద నిలిచిన చేనిలో తుమ్మమొలకలు లేచుటయు, ఏమఱిన కాపరి మంద పైరుపై పడుటయు తగవులకు కారణములైనవి. ఆ తగవులను రచ్చబండయొద్దనే తీర్చుకొనెడివారు. ఏలయన ఒకరు లేక మఱియొకరికి గడవదు.

మాఱిన కాలము

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. దానికై ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు చేసిన కృషి చిరస్మరణీయము. 1967లో కాలువలకు నీరు విడువబడెను. తరువాతి సంవత్సరములలో ఎడమకాలువ శాఖలు ఈ సీమకును చేరినవి. దప్పిగొన్న నేలకు నీరు వచ్చుట శుభము; దానిని నిందించువారము కాము. కాని నీటితోపాటు రెండవ పంట వచ్చెను. వేసవిలో ఖాళీగానుండు చేలు తగ్గెను. యూరియా బస్తా అంగడిలో చౌకగా దొరకుటతో మందకై యెదురుచూచు రైతులును తగ్గిరి. జొన్న పోయి ప్రత్తి వచ్చుటతో చొప్పయు పోయెను.

ప్రత్తితో వచ్చిన కష్టము అందఱెఱిగినదే. తెల్లదోమయు, కాయతొలుచు పురుగును మందులకు లొంగక పోగా 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తిరైతులు ప్రాణములు తీసికొనిరి. 1997-98లో వరంగల్లు సీమ అదే దుఃఖమును చూచెను. 2006లో వరంగల్లు ప్రాంతమున ప్రత్తిచేలు మేసిన గొఱ్ఱెలు చచ్చినవని కాపరులు మొఱపెట్టగా, కారణమును గూర్చి అధికారులకును వారికిని ఏకాభిప్రాయము కుదరలేదు. కారణమేదైనను, చేను మందకు మేతయను పాతనమ్మకము సడలినమాట వాస్తవము. గట్లపై గడ్డిని కలుపుమందు హరించెను. బీళ్లు కొన్ని తోటలకును, కొన్ని సున్నపురాతి గనులకును, కొన్ని యిండ్లస్థలములకును పోయినవి.

ఇట్లైనను మంద నశింపలేదు. 2019 పశుగణన ప్రకారము దేశమందలి 7.43 కోట్ల గొఱ్ఱెలలో తెలంగాణమున 1.91 కోట్లును, ఆంధ్రప్రదేశమున 1.76 కోట్లును కలవు. అనగా భారతదేశపు గొఱ్ఱెలలో ఇంచుమించు సగము తెలుగువారియొద్దనే యున్నవి. తెల్లని మేనిపై నల్లని లేక గోధుమవన్నె మచ్చలుగల మాచర్ల గొఱ్ఱెను ఇటీవలనే కేంద్రపరిశోధనసంస్థ ప్రత్యేకజాతిగా నమోదు చేసినది. ఆ జాతిని ఏర్చి కూర్చినవారు శాస్త్రజ్ఞులు కారు, కృష్ణకు ఈవలను ఆవలను గల కాపరులు. గొఱ్ఱెలు కలవు, కాపరులు కలరు; చెడినది చేనికిని మందకును గల సంబంధము.

ప్రకృతి సేద్యమున మంద స్థానము

నేటి యవసరములు తీర్చుకొనుచునే రాబోవు తరములవారి యవసరములకు లోటు రానీయని యభివృద్ధియే నిలుకడగల యభివృద్ధియని, 1987లో నార్వే ప్రధానమంత్రిణి బ్రంట్లండుగారి యధ్యక్షతనున్న అంతర్జాతీయసంఘము నిర్వచించెను. మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థ 2016 ప్రాంతమునుండి ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. ఆవు పేడ, మూత్రము, బెల్లము, పప్పుపిండితో చేయు జీవామృతమును, వానలకు ముందుగానే నవధాన్యములు విత్తి నేలను కప్పి యుంచుటను గ్రామములలో బోధించుచున్నారు. ఆ కృషికి 2024లో పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ బహుమానము, మఱి ఇద్దఱు గ్రహీతలతో కలిపి, లభించినది. ఇది తెలుగువారందఱకును గర్వకారణము.

అయినను మేము వినయముతో నొక విన్నపము చేయుచున్నాము. నేలకు ప్రాణము పోయు సూక్ష్మజీవులను పీపాలలో పెంచుట మంచిదే. కాని ఆ నేల పంటగా ఏటేట కోల్పోవు సారమును పూరించు నెరువు రాశి యెచ్చటినుండి రావలెను? ఇంట ఆవు లేని రైతులు, కౌలురైతులు నేడు పలువురు. వారి చేనికి నడిచివచ్చు నెరువు మనయొద్ద కలదు. నవధాన్యముల పచ్చికను మందకు మేపి, ఆ రాత్రి ఆ చేనిలోనే మంద కట్టినచో పాత యొడంబడిక క్రొత్త రూపమున మరల నిలువగలదు. ప్రకృతి సేద్యమునకు ఆవు తల్లియైనచో, గొఱ్ఱె పినతల్లి యని గ్రహింపవలెను.

మన కర్తవ్యము

కఱ్ఱ పట్టిన చేతితో కలము పట్టవలెనని మన పెద్దలు కోరిరి, అది యుక్తము. మన బాలబాలికలు వైద్యులును, న్యాయవాదులును కావలెను. కాని మందను సిగ్గుగా నెంచి విడిచి, చదువును రాక, పరస్థలములలో దినకూలియై పోవు యువకుని జూచిన మనస్సు కలతచెందును. వృత్తిని గౌరవము గలదానిగా చేసినగాని అతడు నిలువడు. కావున మహాసభవారి యాలోచనకు కొన్ని విషయములు మనవి చేయుచున్నాము.

మొదటిది, మేతబీళ్ల రక్షణ. 2011 జనవరి 28వ తేదీన సుప్రీముకోర్టువారు జగ్పాల్ సింగు వ్యాజ్యెమున గ్రామపు ఉమ్మడి భూముల నాక్రమణలను తొలగింపవలెనని రాష్ట్రములను ఆదేశించిరి. 2006 నాటి అటవీహక్కుల చట్టము మేతహక్కును గుర్తించినది. ప్రతి గ్రామశాఖయు తన యూరి మేతపోరంబోకు ఎన్ని యెకరములో రికార్డులలో చూచి పట్టిక వ్రాసి యుంచవలెను. కాగితము లేని హక్కు గాలికి పోవు పెంట వంటిది.

రెండవది, మంద కట్టును శాస్త్రీయముగా పరీక్షింపజేయుట. గరికపాడునందలి కృషివిజ్ఞానకేంద్రమువారిని ప్రార్థించి, మంద కట్టిన చెక్కను, కట్టని చెక్కను ప్రక్కప్రక్కన పండించి లెక్క తేల్చుమని కోరవలెను. మన మాట కంటె తూచిన గింజ రైతును త్వరగా ఒప్పించును.

మూడవది, ఒడంబడిక. గొఱ్ఱెల పెంపకపుదారుల సహకారసంఘములు రైతుసంఘములతో కలిసి, రాత్రికి ఇంతయని ధర నిర్ణయించి, కాపరికి నష్టము రాకుండ చూడవలెను. 2014 జూన్ 2వ తేదీ తరువాత పాలేటికి ఆవల వేఱు రాష్ట్రమైనది. మందలకు ఆ యెల్ల తెలియదు. టీకాలును, మేతదారులును ఉభయరాష్ట్రముల యధికారులును కలసి యేర్పఱుపవలెను.

నాలుగవది, భూవసతి గల మన పోషకులకు. తాము విరాళములనిచ్చి వసతిగృహములకును, విద్యార్థివేతనములకును సాయపడుచున్నారు, కృతజ్ఞులము. దానితోపాటు తమ చేలలో ఏటికొకమాఱు మంద కట్టించుడు. అది దానము కాదు. తమ నేలకు పెట్టుబడియు, తమ కులవృత్తికి గౌరవమును.

ఐక్యరాజ్యసమితివారు 2026వ సంవత్సరమును మేతభూములకును, పశుపాలకులకును అంతర్జాతీయ వత్సరముగా నిర్ణయించిరి. మన వృత్తి విలువను లోకము గుర్తించిన వేళ మనము దానిని మఱచుట తగదు. కాటమరాజు నాటినుండి మనము కోరినది ఒక్కటే: మందకు మేత, చేనికి మంద, ఇరువురికిని న్యాయము. ఈ మెట్టసీమలో వేసవి రాత్రులయందు తడికల చప్పుడును, గొఱ్ఱెపిల్లల యఱపును వినబడుచున్నంతకాలము నేల సారవంతమై, పల్లె సుభిక్షమై యుండును. ఆ చప్పుడు ఆగకుండ చూచు బుద్ధిని గోపాలకృష్ణస్వామి మనకందఱకును ప్రసాదించుగాక!